కంప్యూటర్లో, ఫోన్లో తెలుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో టైప్ చేయబోయి విసిగిపోయినవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. అడిగేవాళ్ళలో రిటైరైన మాస్టార్లున్నారు, డీటీపీ ఆపరేటర్లున్నారు, డాలస్‌లో ఉంటూ అమ్మమ్మకు తెలుగులో మెసేజ్ పెట్టాలని ముచ్చటపడే పిల్లలున్నారు. చాలామంది నాలుగు రోజులు కుస్తీ పట్టి, "తెలుగు కంప్యూటర్‌కి సరిపడదండీ" అనేసి వదిలేస్తారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు. ఇవాళ కొన్న కంప్యూటరైనా స్మార్ట్‌ఫోనైనా పెట్టెలోంచి తీసిన రోజునుంచే తెలుగు చూపిస్తుంది. మిగిలిన చిక్కుల్లో ఎక్కువ భాగం పాత ఫాంట్లను ఇంకా వదలకపోవడం వల్ల వస్తున్నవే.

ఎవరో పంపిన వర్డ్ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. ఫైలు పాడైపోయిందా?

ఫైలు బాగానే ఉంది. కాకపోతే అందులో తెలుగు లేదు.

కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా దాచుకుంటుంది. ఆ అంకెకు తెరమీద ఏ బొమ్మ గీయాలో ఫాంటు చెబుతుంది. మామూలు కంప్యూటర్లకు యూనికోడ్ తెలుగు రాకముందు, అను, శ్రీలిపి లాంటి సాఫ్ట్‌వేర్‌లు చేసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న అంకెలనే వాడుకుని, వాటి బొమ్మల స్థానంలో తెలుగు బొమ్మలు గీశారు. ఆ స్థానాలు రెండు వందల చిల్లరే. మన గుణింతాలు, ఒత్తులు అన్నీ వాటిలో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు: తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. ఆ రోజుల్లో ఉన్న వసతుల్లో అది గొప్ప పనే. పత్రికలు, పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు అన్నీ దాని పుణ్యమా అని కంప్యూటర్ మీదికి వచ్చాయి.

కానీ కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైలు ఇంగ్లీషు అక్షరాల వరసే. ఆ ఫాంటు లేని మెషిన్‌లో తెరిస్తే ఆ వరసే బయటపడుతుంది. వర్డ్‌లో ఆ పేరాను సెలెక్ట్ చేసి పైన ఫాంటు పేరు కనిపించే చోట చూడండి. ఫాంటు మీ దగ్గర లేకపోయినా పేరు కనిపిస్తుంది. ఆ పేరు తెలిస్తే రెండు దారులున్నాయి. పంపినవాళ్ళ దగ్గర ఆ ఫాంటు తెచ్చుకుని ఎక్కించుకోవడం ఒకటి, కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చుకోవడం రెండోది. రెండోదే మేలు.

అయితే యూనికోడ్ కూడా ఇంకో ఫాంటేనా?

కాదు. ఈ ఒక్క అపోహ పోతే సగం తలనొప్పి పోతుంది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని లిపులన్నిటికీ ఎవరి అంకెలు వాళ్ళకు కేటాయించిన పట్టిక. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. మనకు 128 స్థానాలిచ్చారు. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు, తెలుగు అంకెలకు అన్నిటికీ అందులో చోటుంది. ఒత్తులకు విడిగా చోటు అక్కర్లేదు. 'క్ష' కావాలంటే క, పొల్లు, ష అని మూడు అంకెలు దాచుకుంటే చాలు, వాటిని కలిపి గీసే పని ఫాంటు చూసుకుంటుంది.

అందువల్ల ఫాంటు మార్చినా తెలుగు తెలుగుగానే ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, విండోస్ 8 నుంచి ఉన్న నిర్మలా, దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన, ఇప్పుడు ఫోన్లలో కనిపించే నోటో ఫాంట్లు అన్నీ ఆ అంకెలనే చదువుతాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు రాసిన వ్యాసం ఈ రోజు కొత్త ఫోన్లో చక్కగా కనిపిస్తోందంటే కారణం ఇదే. అదే కాలంలో సొంత ఫాంట్లతో నడిచిన తెలుగు వార్తా సైట్లు చదవాలంటే ఒక్కో సైటుకు ఒక్కో ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. ఆ బాధ పడలేకే ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు వాడేవాళ్ళం. అది ఆ పేజీలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది.

పుస్తకం వేయిద్దామని వెళ్తే ప్రెస్ వాళ్ళు "యూనికోడ్ మాకు కుదరదు, అనులో ఇవ్వండి" అంటున్నారు. తప్పు ఎవరిది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక డీటీపీ ఆపరేటర్ పక్కన కాసేపు కూర్చోవాలి. చేతిరాత ప్రతి ఎడమవైపు క్లిప్పుకు పెట్టుకుని, కీబోర్డు వంక చూడకుండా, పుస్తకం పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలకు పేజీలు కొట్టేస్తారు. ఏ ఒత్తు ఏ మీట మీద ఉందో మనసులో ఆలోచన అక్కర్లేదు, వేళ్ళకే తెలుసు. యాపిల్ లేఅవుట్ అని వాళ్ళు పిలిచే ఆ అమరికలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషిని కొత్తది నేర్చుకోమంటే కూలి డబ్బులు సగానికి పడిపోతాయి. వాళ్ళ భయం న్యాయమైనదే.

కానీ పరిస్థితి మారింది. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 7.0. అది వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని తయారుచేసినవాళ్ళే దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ మీదికి వెళ్ళిపోయారు. ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 నుంచి భారతీయ లిపుల్ని సరిగ్గా కూర్చగలదు. అంటే యూనికోడ్ తెలుగుతో పుస్తకం కట్టడానికి సాఫ్ట్‌వేర్ అడ్డంకి పోయి చాలా కాలమైంది. మరి చేతి అలవాటు సంగతి? అదే యాపిల్ లేఅవుట్‌లో టైప్ చేస్తే యూనికోడ్ అక్షరాలు పడే కీబోర్డు పరికరాలు కూడా దొరుకుతున్నాయి. వేళ్ళు కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ.

పుస్తకం వేయించేవాళ్ళకు నా సలహా ఒకటే: ప్రెస్ వాళ్ళు అనులో కట్టుకుంటే కట్టుకోనివ్వండి గానీ, ఆఖరి ప్రూఫు దిద్దుబాట్లన్నీ కలిసిన యూనికోడ్ ప్రతి మీ దగ్గర ఉండేలా ముందే మాట్లాడుకోండి. రెండో ముద్రణ వేయాలన్నా, ఈబుక్ చేయాలన్నా అది లేకపోతే మళ్ళీ మొదటి పేజీ నుంచి టైప్ చేయించాలి. రచయిత పోయాక పిల్లలు ప్రింట్ పుస్తకం పట్టుకుని టైపిస్టు కోసం తిరగడం చూశాను. ఆ శ్రమ పూర్తిగా తప్పించదగ్గది.

ఇన్‌డిజైన్‌లో, ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి.

సెట్టింగు మారిస్తే సరిపోతుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి, వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా, పశ్చిమాసియా లిపుల ఎంపిక ఉంటుంది. కూర్పును బట్టి పేరు కొంచెం మారుతుంది. అది పెట్టి, కొత్త డాక్యుమెంట్ తెరిచి చూడండి.

ఏ కీబోర్డు నేర్చుకోమంటారు?

వారానికి నాలుగు వాక్యాలు రాసేవాళ్ళకు ఫోన్లో గూగుల్ కీబోర్డు జీబోర్డు చాలు. కంప్యూటర్లో అయితే వీవెన్ చేసిన లేఖిని ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్కనే తెలుగు పడుతుంది. విండోస్ 10లో 2019 మే నవీకరణ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌తోనే వస్తోంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగును, దాని ఎంపికల్లో ఫొనెటిక్ కీబోర్డును చేర్చుకుంటే, విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కినప్పుడల్లా ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారుతుంది.

రోజూ పేజీలకొద్దీ రాసేవాళ్ళయితే మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నిటికీ కలిపి తెచ్చిన అమరిక ఇది. దాని అందం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. మధ్య వరసలో కుడిచేతి కింద వరసగా ప, ర, క, త, చ, ట ఉంటాయి. షిఫ్ట్ పట్టుకుని అవే నొక్కితే ఫ, ఱ, ఖ, థ, ఛ, ఠ పడతాయి. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతి కింద, పొల్లు ఎడమచేతి మధ్యవేలి కింద. తెలుగు మాటలో హల్లు, గుణింతం, హల్లు, గుణింతం అని వస్తుంటాయి కాబట్టి రెండు చేతులకూ పని సమంగా పడుతుంది. ఏ అక్షరం కోసం ఏ ఇంగ్లీషు స్పెల్లింగ్ కొట్టాలా అన్న టెన్షన్ ఉండదు. మొదట్లో కొన్నాళ్ళు చేయి నెమ్మదిగానే నడుస్తుంది, అది సహజం.

అంత కష్టమెందుకు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే అర్థమవుతోంది కదా?

మీకూ మీ స్నేహితుడికీ అర్థమవుతుంది. తెలుగు మాత్రమే చదవగల మీ నాయనమ్మకు అర్థం కాదు. ఫోన్ దాన్ని పైకి చదివి వినిపించలేదు, వినిపించినా ఇంగ్లీషు ఉచ్చారణతో వినిపిస్తుంది. ఏడాది తర్వాత ఆ మెసేజ్‌ను వెతుకుదామంటే అప్పుడు ఏ స్పెల్లింగ్ వాడారో మీకే గుర్తుండదు. హడావిడిలో ఒక ముక్క అలా పంపడం వేరు. రాసి దాచుకోదగ్గదేదైనా మన లిపిలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే రెండు మూడు మెసేజ్‌ల లెక్క ఎందుకు పడుతోంది?

ఎస్సెమ్మెస్ పుట్టినప్పుడు యూరపు భాషలనే దృష్టిలో పెట్టుకున్నారు. ఇంగ్లీషయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. ఆ పట్టికలో లేని లిపి ఒక్క అక్షరం వచ్చినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌కు మారి, 70 మాత్రమే పడతాయి. దాటితే ముక్కకు 67 చొప్పున లెక్క. పైగా ఇక్కడ అక్షరమంటే మనం బడిలో నేర్చుకున్న అక్షరం కాదు. 'అమ్మ' నాలుగు: అ, మ, పొల్లు, మ. 'స్త్రీ' ఒక్కటే అక్షరంలా కనిపించినా లెక్కకు ఆరు. స్కూళ్ళు, ఆసుపత్రులు తెలుగులో పంపాలనుకుని కూడా ఖర్చు చూసి ఇంగ్లీషుకు మారిపోవడానికి ఇది ఒక కారణం. వాట్సాప్‌లో ఈ బెడద లేదు.

'సాఫ్ట్‌వేర్' అని రాయబోతే 'వే' కాస్తా ట కింద ఒత్తుగా పడిపోతోంది. ఎలా ఆపాలి?

పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చడం ఫాంటు విధి. వద్దని చెప్పడానికి పొల్లుకూ హల్లుకూ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. ఖాళీ వదలదు, అక్షరాల్ని కలవనివ్వదు, అంతే దాని పని. వర్డ్‌లో అయితే ఇంగ్లీషులో 200 కొట్టి, పక్కనే సి అక్షరం కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి, ఆ గుర్తు పడుతుంది. తెలుగు కీబోర్డుల్లో చాలావాటికి దీనికోసం ఒక మీట ఉంటుంది, కీబోర్డు సహాయం పేజీలో చూడండి.

దీనితో ఒక చిక్కుంది. గుర్తు పెట్టిన మాటా పెట్టని మాటా కంప్యూటర్‌కు రెండు వేరు మాటలు. మీ ఫైల్లో ఒకటి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. సంపాదకులు పత్రిక మొత్తానికి ఒకే పద్ధతి పెట్టుకోవడం మంచిది.

ఒక తెలుగు అక్షరం వల్ల ఐఫోన్లు ఆగిపోయాయని విన్నాను. నిజమేనా?

నిజమే. 2018 ఫిబ్రవరి. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కు 'జ్ఞా'ను ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే మెసేజ్ తెరిచిన యాప్ మూసుకుపోయేది. జ, పొల్లు, ఞ, పైన చెప్పిన ఆ కనిపించని గుర్తు, తర్వాత దీర్ఘం: ఇదీ ఆ కూర్పు. మామూలుగా టైప్ చేసిన 'జ్ఞానం'తో ఏ ఇబ్బందీ లేదు. ఆ నెల 19న 11.2.6 విడుదల చేసి సరిచేశారు.

అప్పట్లో తెలుగు లిపి మీద చాలా జోకులు పేలాయి. లోపం లిపిలో లేదు, ఆ అక్షరాలను తెరమీద గీసే ప్రోగ్రాంలో ఉంది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులకూ ఆ ఫోన్లు అలాగే పడిపోయాయి. కోట్ల మంది వాడే లిపిలో ఇలాంటి లోపం విడుదలకు ముందే బయటపడాల్సింది. మన భాషల్లో పరీక్షించడాన్ని కంపెనీలు ఆఖరి పనిగా చూసినన్నాళ్ళూ ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

'దుఃఖం' సరిగ్గా రాశాననుకుంటే తప్పని చూపిస్తోంది. ఎందుకు?

మీరు విసర్గకు బదులు కోలన్ కొట్టి ఉంటారు. 'దు:ఖం', 'దుఃఖం' పక్కపక్కన చూస్తే తేడా పట్టడం కష్టం. టైపు మిషన్ల నాటి సర్దుబాటు ఇది. కంటికి ఒకటే గానీ, కోలన్ దగ్గర మాట రెండు ముక్కలైపోతుంది. వెతికితే దొరకదు, పైకి చదివించుకుంటే 'దు' దగ్గర ఆగిపోవచ్చు. అచ్చైన పుస్తకాల్లోనూ ఈ తప్పు విపరీతంగా ఉంది. ఫైలంతా ఒకసారి వెతికి మార్చడానికి రెండు నిమిషాలు చాలు. అలాగే అక్షరం పక్కన పెట్టే సున్నకు (ం) బదులు అంకెల వరసలోని సున్నా (0) కొట్టేవాళ్ళూ ఉన్నారు, అదీ చూసుకోండి.

తెలుగు పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే అక్షరాలు చిందరవందర అవుతున్నాయి.

పీడీఎఫ్ కాగితానికి నకలు లాంటిది. పేజీ మీద ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో మాత్రమే అందులో గట్టిగా ఉంటుంది. ఆ బొమ్మ వెనక ఉన్న అసలు అక్షరాలేవో చెప్పే పట్టిక తయారుచేసినప్పుడు సరిగ్గా పడకపోతే, కాపీ చేసినప్పుడు ఒత్తులూ గుణింతాలూ ముందువెనకలవుతాయి. అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ అయితే ఇంగ్లీషు గుర్తులే వస్తాయి.

మూల ఫైలు అడిగి తెచ్చుకోగలిగితే అదే ఉత్తమం. లేదంటే ఆ పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టి ఇస్తుంది. శుభ్రమైన ప్రింటయితే ఫలితం చాలా బాగుంటుంది. పాత పుస్తకాల స్కాన్లలో మ, వు లాంటి జంటల దగ్గర పొరపాటు పడుతుంది కాబట్టి ప్రూఫు చూడక తప్పదు.

తెలుగు పేర్లున్న సీఎస్వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే చెత్తగా కనిపిస్తోంది.

డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో టెక్స్ట్ ఫైలు నుంచి తెచ్చుకునే ఎంపిక తీసుకుని, ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, యూనికోడ్‌ను ఫైల్లో దాచే పద్ధతి పేరది. అంకె 65001 అని కనిపిస్తుంది. మీరు ఇతరులకు పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో సీఎస్వీ యూటీఎఫ్-8 రకాన్నే వాడితే వాళ్ళకు ఈ తిప్పలుండవు.

ఆధార్ కార్డులో నా పేరు ఇంగ్లీషులో సరిగ్గా ఉంది, తెలుగులో తప్పుగా ఉంది. అదెలా?

నమోదు సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులో కొట్టిన పేరును తనంతట తాను తెలుగులోకి మారుస్తుంది. ఆపరేటర్ దాన్ని చూసి దిద్దాలి. శారద అనే పేరును ఇంగ్లీషులో రాశాక అది శ అవునో స అవునో, దీర్ఘం ఎక్కడుందో మెషిన్‌కు తెలిసే దారి లేదు. ఇంటిపేర్లయితే మరీ ఘోరం. వెనక క్యూ ఉంటుంది, ఆపరేటర్ తొందరలో ఉంటాడు, తెలుగు వరస ఎవరూ చదవరు. మీరు చదవండి. తెరను మీ వైపు తిప్పమని అడిగి, తెలుగులో ఉన్న పేరు, ఊరి పేరు అక్షరం అక్షరం చూసుకున్నాకే ముందుకు వెళ్ళనివ్వండి. ముసలివాళ్ళతో వెళ్ళినప్పుడు ఇది మరీ ముఖ్యం, వాళ్ళు చదువుకునేది ఆ వరసే.

మాట్లాడితే టైప్ చేసే సదుపాయం ఉందిగా, ఇక కీబోర్డు ఎందుకు?

గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు 2017 ఆగస్టులో వచ్చింది. నిజంగా మంచి పని. కళ్ళజోడు లేకుండా చిన్న మీటలు కనిపించనివాళ్ళకు అది వరం. వార్తల భాష దానికి బాగా పట్టుబడింది, ఇంట్లో మాట్లాడే యాస అంతగా పట్టుబడలేదు. సిక్కోలు మనిషీ, ఇందూరు మనిషీ తమ మాట మార్చుకుని దానితో మాట్లాడాల్సి రావడం నాకు కష్టంగా ఉంటుంది. ఉత్తరం ముక్కకు సరే, కథ రాయడానికి కీబోర్డే.

తెలుగు రాతను అందంగా బొమ్మ చేసి పెడితే నష్టమేంటి? ఫాంటు గొడవే ఉండదు కదా!

చూపు లేనివాళ్ళ పక్కన కూర్చుని చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసుకుని వేలితో తెరను తడుముతూ ఉంటారు. వేలి కింద యూనికోడ్ తెలుగు ఉంటే ఫోన్ దాన్ని తెలుగులోనే గడగడా చదివి వినిపిస్తుంది. వార్తలు, కుటుంబం గ్రూపులో కబుర్లు, బ్యాంకు మెసేజ్‌లు అలాగే వింటారు. వేలు మీ బొమ్మ మీదికి వచ్చేసరికి ఫొటో అని మాత్రమే వస్తుంది, లోపల రాసినదేమిటో ఆ మనిషికి అందదు. కంప్యూటర్లో తెరమీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడేవాళ్ళకూ ఇదే పరిస్థితి. ప్రభుత్వ ప్రకటనలు, పరీక్షల నోటీసులు, ఊళ్ళో చావు కబుర్లు కూడా బొమ్మలుగానే తిరుగుతున్నాయి. ఉద్యోగ ప్రకటన ఒకటి బొమ్మగా రావడం వల్ల గడువు తేదీ తెలియక దరఖాస్తు పోగొట్టుకున్న కుర్రాడు నాకు తెలుసు. అది చూశాక ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేకపోతున్నాను.

బొమ్మ పెట్టాలనుకుంటే పెట్టండి. కింద ఆ రాతను మామూలు తెలుగులో కూడా ఇవ్వండి. గూగుల్‌లో వెతికేవాళ్ళకూ దొరుకుతుంది.

బేసిక్ ఫోన్లో తెలుగు కనిపిస్తుందా?

కనిపించాలి. భారత ప్రమాణాల సంస్థ నియమం ఐఎస్ 16333 మూడో భాగం ప్రకారం ఇక్కడ అమ్మే ఫోన్లు మన 22 భాషల రాతనూ చూపించగలగాలి. కొనేముందు షాపులోనే ఒక తెలుగు మెసేజ్ తెప్పించుకుని చూడండి. డబ్బాలు కనిపిస్తే తీసుకోకండి.

అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయా?

బోలెడున్నాయి. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ వగైరా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దించుకోవచ్చు, పుస్తకాలకూ వాడుకోవచ్చు. పొడవైన వచనానికి నా ఓటు మండలికి. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది.

నా దగ్గర పాత అను ఫైళ్ళు వందల్లో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టను?

ఇంకెక్కడా అచ్చులో లేనివాటితో మొదలుపెట్టండి. పత్రికల్లో వచ్చిన వ్యాసానికి కాగితం మీద ప్రతి ఉంటుంది, మీ నాన్నగారి అముద్రిత కవితలకు ఉండదు. ముందుగా అన్నిటినీ ఇంకో డిస్కులో నకలు తీయండి. పేజ్‌మేకర్ ఫైళ్ళయితే ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా నడుస్తున్న పాత కంప్యూటర్ ఉండగానే తెరిచి, రాతను వర్డ్‌లోకి తెచ్చుకోండి. ఆ కంప్యూటర్ మూలపడితే ఫైలు తెరవడమే పెద్ద పనవుతుంది. తర్వాత ఒక్కో ఫైలూ కన్వర్టర్‌లో వేయండి. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు, సంవత్సరాలు, కొటేషన్ గుర్తులు కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది కాబట్టి వాటిని మొదట చూడండి. ఆ తర్వాత విసర్గలు, అరుదైన ఒత్తులు. పాత ఫైలును, ఆ ఫాంటును మాత్రం పారేయకండి. మార్చిన దాంట్లో ఏ మాట మీద అనుమానం వచ్చినా పోల్చి చూసుకోవడానికి అవే ఆధారం.